అడవి కాలి ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగారు!

ఆగండి. స్క్రోల్ చేసేముందు ఈ ఫొటో ఒక్కసారి సరిగ్గా చూడండి. కొండంతా నలుపు. అగ్గిపుల్లలు గుచ్చినట్టు నిలబడ్డ మొద్దులు. కింద చీలమండ దాకా బూడిద. ఒక్క ఆకు లేదు, ఒక్క పిట్ట అరుపు లేదు అనిపిస్తుంది. ఇది చూడగానే మీ నోట్లోంచి రాబోయే మాట నాకు తెలుసు. "అయ్యో, అడవి చచ్చిపోయిందే!"

చావలేదు. మీరు చూస్తున్నది పురిటి గది. పురిటి గదిలోకి చెప్పులేసుకుని వెళ్తే మన ఇళ్లలో అమ్మమ్మలు ఊరుకుంటారా? అలాంటిది ఇక్కడ బుల్‌డోజర్లేసుకుని వెళ్తున్నారు. పైగా దానికి "పునరుద్ధరణ" అని పేరు. ఇవాళ నేను గొంతు చించుకుని చెప్పబోయేది ఈ ఒక్క ముక్కే. మంట చంపలేని అడవిని, బాగుచేస్తామని వచ్చినవాళ్లు చంపుతున్నారు. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, కానీ మొత్తం విని తిట్టండి.

పోయిన వీడియోలో సెకోయా గొడవ ఎత్తాను కదా. కాలిఫోర్నియాలో 2020, 2021 మంటల్లో కాలిపోయిన ఆ మహావృక్షాల తోపుల్లో కొత్త మొక్కలు నాటతామని అక్కడి నేషనల్ పార్కువాళ్లు అన్నారు. అది మనుషులు చెయ్యి పెట్టకూడని అడవి, నాటడానికి వీల్లేదని కొన్ని సంఘాలు కోర్టుకెళ్లాయి. ఇది చెప్పగానే కింద సగం మంది ఒకటే అడిగారు, "మొక్క నాటినా తప్పేనా అన్నా?" అని. ఒకాయనైతే నన్ను పర్యావరణ ద్రోహి అన్నాడు. తమ్ముడూ, నీ కోసమే ఈ వీడియో.

నేనూ ఒకప్పుడు నీలాగే ఆలోచించేవాణ్ణి. 2020 సెప్టెంబర్ 9. బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్లకి ఈ తేదీ గురించి చెప్పక్కర్లేదు. అడవుల మంటల పొగకి పొద్దున పదయినా తెల్లారలేదు. దిష్టి తీసిన ఎర్రనీళ్లు పారబోసినట్టుంది ఆకాశం. కార్లన్నీ లైట్లేసుకుని పోతున్నాయి. మా అమ్మ గుంటూరు నుంచి వీడియో కాల్ చేసి, "ఈ వేళప్పుడు మేలుకుని ఉన్నావేంట్రా, అక్కడా రాత్రేనా?" అంది. "రాత్రి కాదమ్మా, పట్టపగలు" అంటే నమ్మలేదు. ఫోన్ కిటికీ వైపు తిప్పి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంటికి వచ్చెయ్యండి" అంది, అంతే.

ఆ భయంలో ఏం చేశాను? అందరూ చేసిందే. ఆ డిసెంబర్‌లో మా పాప పుట్టినరోజుకి మొక్కలు నాటే ఒక సంస్థకి 50 డాలర్లు కట్టాను. డాలరుకో మొక్క. కాలిన అడవిలో పాప పేరు మీద 50 పైన్ మొక్కలు నాటామని సర్టిఫికెట్ వచ్చింది. ఆకుపచ్చ బోర్డరు, కింద సంతకం, అబ్బో! ఫ్రేము కట్టించాను. అదిగో, నా వెనక గోడ మీద కనిపిస్తోంది చూడండి. ఇప్పటికీ తీయలేదు. దాని సంగతి చివర్లో చెప్తాను.

సరే, ముందు బడి పాఠం. శృంగాకార అడవులని సోషల్ పుస్తకంలో చదివాం గుర్తుందా? సూదుల్లాంటి ఆకులు, మంచు జారిపోయేలా కోసుగా ఉండే చెట్లు. పరీక్షలో రాశాం, మర్చిపోయాం. ఆ ఒక్క లైనులో వాళ్లు చెప్పని విషయం ఒకటుంది. ఈ చెట్లలో కొన్ని మంట కోసమే సంసారం చేస్తాయి.

అమెరికాలో యెల్లోస్టోన్ నేషనల్ పార్కు తీసుకోండి. అక్కడి అడవిలో 80 శాతం లాడ్జ్‌పోల్ పైన్ అనే ఒకే రకం చెట్టు. దీని కాయలు చాలా వాటికి జిగురుతో గట్టిగా సీలు వేసి ఉంటుంది. పాతకాలం రిజిస్టర్డ్ పోస్టు కవరు మీద లక్క సీలు చూశారా? సరిగ్గా అలాగే. గాలికి తెరుచుకోదు, వానకి తెరుచుకోదు. ఏళ్ల తరబడి విత్తనాలని లోపల దాచుకుని కొమ్మకి వేలాడుతూ ఉంటుంది. దాదాపు 45, 50 డిగ్రీల వేడి తగిలితేనే ఆ లక్క కరుగుతుంది. విజయవాడ రోహిణి కార్తెలో ఎండ కూడా దాదాపు అంత ఉంటుంది కదా అనకండి. యెల్లోస్టోన్ ఎండాకాలం మనకి ఊటీ లాంటిది. అక్కడ ఆ వేడి రావాలంటే మంట రావాల్సిందే. మంట కొమ్మల్లోకి ఎక్కుతుంది, చెట్టు చస్తుంది, సీలు విడిపోతుంది. చల్లారిన బూడిద మీద విత్తనాలు రాలతాయి. పైన నీడ లేదు, కింద చెత్త లేదు, పోటీకి గడ్డి లేదు. నారుమడి కూడా ఇంత శుభ్రంగా ఎవడూ దున్నడు. మన ఏజెన్సీలో పోడు చేసేవాళ్లనడగండి, బూడిదలో చల్లిన గింజ ఎలా లేస్తుందో చెప్తారు.

1988లో యెల్లోస్టోన్ తగలబడింది. పార్కులో దాదాపు 8 లక్షల ఎకరాలు, అంటే మొత్తంలో 36 శాతం. ఆ ఎండాకాలమంతా టీవీల్లో అదే వార్త. పిడుగుపాటు మంటల్ని కొన్నిచోట్ల వాటి మానాన వదిలేసే పద్ధతి పార్కులో 1972 నుంచీ ఉంది. ఇంకేం, పార్కువాళ్లని ఉతికి ఆరేశారు. 25 వేల మంది ఆ మంటలతో పోరాడారు, 12 కోట్ల డాలర్లు పోశారు. చివరికి ఆర్పింది ఎవరు? సెప్టెంబర్ 11న పడ్డ మంచు. పావు అంగుళం మంచు చేసిన పని 25 వేల మంది చెయ్యలేకపోయారు. నాకు నవ్వొస్తుంది, కానీ నవ్వకూడదు లెండి. ఆ మంటల్లోకి దిగినవాళ్ల కష్టం చిన్నది కాదు.

మరి తర్వాత? పార్కువాళ్లు ఆ అడవిలో పైన్ మొక్కలు నాటలేదు. వదిలేశారు. మోనికా టర్నర్ అనే ఎకాలజిస్టు తన బృందంతో కాలిన నేలలోకి వెళ్లి ఏళ్ల తరబడి లెక్కలు తీశారు. పదకొండేళ్ల తర్వాత కొన్ని చోట్ల ఒక్క హెక్టారులో, అంటే దాదాపు రెండున్నర ఎకరాల్లో, 5 లక్షలకి పైగా పైన్ మొక్కలున్నాయి. ఐదు లక్షలు! మనిషి దూరడానికి సందు లేనంత. కొన్ని చోట్ల సున్నా కూడా ఉంది, దాచను. అసలు అడవి అంటేనే అలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక చోట చిక్కగా, ఇంకో చోట పలచగా, మధ్యలో అంతకుముందు ఆ చోటుల్లో లేని ఆస్పెన్ చెట్లు గింజ నుంచి మొలిచి. వరుసలు పెట్టి గజం బద్దతో కొలిచి నాటింది అడవి ఎలా అవుతుంది? అది జామాయిల్ తోట.

ఇక అసలు కథకి వద్దాం. దీని కోసమే కెమెరా ముందు కూర్చున్నాను.

2002. ఒరెగాన్ రాష్ట్రం, నైరుతి మూల. బిస్కట్ ఫైర్. పేరు చూసి నవ్వకండి, దాదాపు 5 లక్షల ఎకరాలు కాలింది. ఎక్కువగా డగ్లస్ ఫర్ చెట్లు. కలప వ్యాపారంలో ఆ చెట్టంటే బంగారం. మంట చల్లారిందో లేదో, మొదలైంది లెక్క. మరుసటి ఏడాదే ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ ఫారెస్ట్రీ ప్రొఫెసర్లు కొందరు ఒక రిపోర్టు ఇచ్చారు. కాలి నిలబడ్డ చెట్లు కొడితే 250 కోట్ల బోర్డ్ ఫీట్ల కలప వస్తుందట. బోర్డ్ ఫుట్ అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం చెక్క. త్వరగా కొట్టి, త్వరగా నాటకపోతే పొదలు కమ్మేస్తాయట, శృంగాకార అడవి మళ్లీ రావడానికి తరాలు పడుతుందట.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి సామెత మనకుంది కదా. వీళ్లు నిప్పడిగి ఊరుకోలేదు. మిగిలిన దూలాలు కూడా అడిగారు. నీ మంచికే అన్నారు.

అదే యూనివర్సిటీలో, అదే ఫారెస్ట్రీ కాలేజీలో డేనియల్ డొనాటో అని ఒక విద్యార్థి. ప్రొఫెసర్ కూడా కాదు, గ్రాడ్యుయేట్ స్టూడెంట్. అమెరికాలో చదివిన మన పిల్లలకి తెలుసు ఆ స్థానం ఏంటో, ఫ్రీ పిజ్జా ఎక్కడుంటే అక్కడ ఉండే స్థానం. ఈ కుర్రాడు, అతని తోటివాళ్లు ఒక చిన్న పని చేశారు. కాలిన అడవిలోకి వెళ్లి కిందికి వంగి మొలకలు లెక్కపెట్టారు. అంతే! కోట్ల బోర్డ్ ఫీట్లు లెక్కలేసినవాళ్ల గొడవంతా పైన ఉన్న దుంగల గురించే. ఈ కుర్రాడు చూసింది కింద.

ఏం దొరికింది? చెట్లు కొట్టని చోట హెక్టారుకి 767 శృంగాకార మొలకలు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పొయ్యలేదు. మంట వచ్చిన రెండు మూడేళ్లకే, వాటంతటవి. మరి చెట్లు కొట్టిన చోట? 224. అంటే 71 శాతం ఖతం. దుంగల్ని ఈడ్చినప్పుడు నేల చెదిరింది, కొమ్మల చెత్త కింద మొలకలు సమాధి అయ్యాయి. పైగా ఆ ఎండు కొమ్మలన్నీ నేల మీద పరిచినట్టయింది, మళ్లీ మంటొస్తే అంటుకోవడానికి చితుకులు రెడీ. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఇదంతా రాసిన పేపరు ఎన్ని పేజీలో తెలుసా? ఒకటి. 2006 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక్క పేజీ చూసి పెద్దపెద్దవాళ్లకి చెమటలు పట్టాయి. ఆ కాలేజీ ప్రొఫెసర్లే కొందరు, ఇంకొందరితో కలిసి, అచ్చులో రాకుండా ఆపమని పత్రికకి ఉత్తరం రాశారు. సొంత కాలేజీ కుర్రాడు ప్రపంచంలోనే పేరున్న పత్రికలో రాస్తే మిఠాయి పంచుతారా, ఆపమని ఉత్తరం రాస్తారా? పత్రిక ఒప్పుకోలేదు. ఆ పరిశోధనకి డబ్బిచ్చిన కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ నిధులు ఆపేసింది. గోల పెద్దదయ్యాక మళ్లీ ఇచ్చింది. ఇంకో చిన్న మాట, ఊరికే మీ చెవిన వేస్తున్నాను. ఒరెగాన్‌లో కొట్టిన కలప మీద వేసే పన్నులో కొంత భాగం ఆ కాలేజీ పరిశోధనలకే వెళ్తుంది. నేనేమీ అనలేదు. మీరే అనుకోండి.

"ఆలస్యం వల్లే మొలకలు పోయాయి, కేసులేసి ఆపకుండా మొదటి ఏడాదే కొట్టనిచ్చుంటే మొలకలు పుట్టకముందే పని అయిపోయేది" అని చెట్లు కొట్టమన్నవాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంది. బిడ్డ పుట్టకముందే మంత్రసానిని కొడితే బిడ్డకేం దెబ్బ తగల్లేదు కదా అన్నట్టుంది నాకు.

ఇప్పుడు నా థియరీ. ఇది నాది, ఏ యూనివర్సిటీదీ కాదు, తప్పయితే నన్నే తిట్టండి. కాలిన అడవి దగ్గర ఇంత తొందరెందుకు? ఎవరి తొందర ఇది? చెట్టు కాలాక కలప పాడవ్వడం మొదలవుతుంది. పురుగు తొలుస్తుంది, ఒక రకం బూజు పట్టి చెక్క నీలం రంగుకి తిరుగుతుంది, పగుళ్లొస్తాయి. మొదటి రెండు మూడేళ్లు దాటితే రేటు పడిపోతుంది. అర్థమైందా? ఆ తొందర అడవిది కాదు, దుంగది! రెండేళ్లలో కొట్టకపోతే నష్టపోయేది మిల్లు. అడవికి రెండేళ్లంటే ఎంత? మనం రెప్ప వేసినంత.

ఇది అడవిలోనే చూపిస్తాను. బిస్కట్ ఫైర్ జరిగిన క్లామత్-సిస్కియూ కొండల్లోనే అంతకుముందు కాలిన పాత చోట్లు చాలా ఉన్నాయి. పది, ఇరవై ఏళ్ల కిందటివి. అక్కడికెళ్లి చూస్తే, శృంగాకార మొక్కలు పొదల కింద నుంచి తలలెత్తి కనిపించాయి. అన్నీ ఒక్క ఏడాదే మొలవలేదు కూడా. ఏడాదేడాదికీ కొన్ని కొన్ని, అలా వస్తూనే ఉన్నాయి. మొదటి రెండేళ్లు చూసి "ఇక్కడేం రాలేదు, నాటేయండి" అనడం ఎలాంటిదంటే, మామిడి టెంక పాతిన నాలుగో రోజు తవ్వి చూసి మొక్క రాలేదని ఏడవడం లాంటిది. మా పాప చేసింది ఆ పని. దానికప్పుడు నాలుగేళ్లు.

ఇంకా ఉంది. ఈ బిస్కట్ మంట 1987లో ఒకసారి కాలిన సిల్వర్ ఫైర్ నేల మీద నుంచి కూడా వెళ్లింది. ఆ నేలలో కొంత భాగంలో అప్పట్లో మొద్దులు కొట్టి, మొక్కలు నాటారు. కొంత భాగాన్ని వదిలేశారు. పదిహేనేళ్లకి రెండో మంట వచ్చినప్పుడు ఏది ఎక్కువ ఘోరంగా కాలింది? కొట్టి, నాటిందే! 2007లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చిన సంగతి ఇది. మీరే ఆలోచించండి. వరుసగా, పక్కపక్కనే, ఒకే వయసు, ఒకే ఎత్తు మొక్కలు. కొమ్మకి కొమ్మ ఆనుకుని. మంటకి రెడ్ కార్పెట్ వేసినట్టే కదా. అడవిని కాపాడతామని అగరొత్తుల కట్ట నాటారు.

పొదలంటే ఎందుకంత కోపమో కూడా నాకు అర్థం కాదు. సియానోథస్ అనే పొద ఉంది అక్కడ. దాని గింజ నేలలో దశాబ్దాలు పడుకుని ఉంటుంది, మంట వేడి తగిలాకే నిద్ర లేస్తుంది. లేచి ఏం చేస్తుంది? గాలిలో నత్రజనిని నేలకి పట్టి ఇస్తుంది. మన రైతు వరి నాట్లకి ముందు జీలుగ, జనుము ఎందుకు చల్లుతాడు? ఇదే పనికి. మనవాళ్లు డబ్బు పెట్టి చల్లుకునేది అక్కడ ఉచితంగా మొలుస్తుంటే, పైన్ మొక్కకి నీళ్లు దక్కనివ్వదని కలుపు మందు కొడుతున్నారు. నీళ్లకి పోటీ నిజమే. కానీ ఎండలో ఆ పిల్ల మొక్కకి గొడుగు పట్టేది కూడా ఆ పొదే.

ఆ నల్ల మొద్దులు కూడా ఉత్తవి కావు. ఒక రకం పేడపురుగంత పురుగు ఉంది, మెలనోఫిలా అంటారు. దీని ఒంట్లో వేడిని పసిగట్టే అవయవాలున్నాయి. ఊళ్లన్నీ మంట నుంచి పారిపోతుంటే ఇది మంట వైపు ఎగురుతుంది. అప్పుడే కాలిన చెక్కలో గుడ్లు పెడుతుంది. ఇలాంటి పురుగుల పిల్లల కోసం నల్లవీపు వడ్రంగిపిట్ట వస్తుంది. కాలిన అడవంటే దానికి పెళ్లి భోజనం. మొదట్లో ఫొటో చూపించి పిట్ట అరుపు లేదనిపిస్తుంది అన్నాను కదా, మనకి అలా అనిపిస్తుందంతే.

ఇప్పుడు ఒక నిమిషం మీ తరఫున మాట్లాడతాను, లేకపోతే తమ్ముడు మళ్లీ వస్తాడు. అన్ని చెట్లకీ లక్క సీలు ఉండదు. పాండరోసా పైన్‌కి లేదు. దాని గింజ బరువు, తల్లి చెట్టు నుంచి వంద, రెండొందల మీటర్లు దాటి పెద్దగా పోలేదు. కొలరాడోలో 2002లో హేమన్ ఫైర్ లక్షా 38 వేల ఎకరాలు కాల్చింది. కొన్ని చోట్ల మైళ్లకి మైళ్లు ఒక్క తల్లి చెట్టూ మిగల్లేదు. గింజ ఎక్కడి నుంచి వస్తుంది? రాలేదు. అక్కడ చాలా మేర ఇప్పుడు గడ్డి, పొదలే. రాకీ పర్వతాల్లో 52 మంటల తాలూకు దాదాపు 1,500 చోట్లు చూస్తే, ఒక్క మొలకా లేని చోట్లు 2000కి ముందు 19 శాతం, తర్వాత 32 శాతం. ఎండలు పెరిగాయి, తడి తగ్గింది, మొలిచిన పిల్ల మొదటి వేసవే దాటడం లేదు. మన యెల్లోస్టోన్ కూడా 2016లో కొంత మేర మళ్లీ కాలింది. 1988లో పుట్టిన ఆ చెట్లకి అప్పుడు 28 ఏళ్లే. వందా రెండొందల ఏళ్లకోసారి రావాల్సిన మంట అంత తొందరగా వచ్చేసరికి కాయల డబ్బాలు నిండలేదు. మొలకలు ఆరో వంతుకి పడిపోయాయి. ఒప్పుకున్నాను. రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

అయినా నా మాట నాదే. గింజ లేని చోటు ఏది, ఉన్న చోటు ఏది అని చూసి నాటేవాడితో నాకు పేచీ లేదు. ఎంతమంది చూస్తున్నారు? లారీ వెళ్లే రోడ్డు పక్కన, ఫొటోకి వీలున్న చోట నాటడమే ఎక్కువ. మన దగ్గర కూడా చూస్తాం కదా, ఒకే గుంటలో మూడేళ్లు వరసగా మొక్క నాటే నాయకుడు. గుంట అదే, గునపం అదే, చొక్కా మాత్రమే మారుతుంది.

ఇక సెకోయా. ఇక్కడ నా గొంతు కొంచెం తగ్గుతుంది.

సెకోయా కాయ కోడిగుడ్డంత ఉంటుంది. ఒక్కో దాంట్లో దాదాపు 200 గింజలు, ఒక్కోటి అటుకంత పల్చన. ప్రపంచంలోకెల్లా భారీ చెట్టు పుట్టేది ఆ అటుకు లోంచి. ఆకుపచ్చగా, మూసుకుని, ఇరవై ఏళ్ల దాకా చెట్టు మీదే ఉంటాయి ఆ కాయలు. కింద మంట వస్తే ఆ వేడి గాలికి ఎండి విచ్చుకుని, చినుకుల్లా గింజలు రాలుస్తాయి. 1960ల్లో రిచర్డ్ హార్ట్‌స్వెల్ట్ అనే ప్రొఫెసర్ రెడ్‌వుడ్ మౌంటెన్ తోపులో ఈ సంగతి తవ్వి తీశాడు. అప్పటిదాకా అమెరికాలో మంట కనిపిస్తే చాలు, ఆర్పడమే. 1935లో ఫారెస్ట్ సర్వీస్ ఏకంగా రూలు పెట్టింది, ఇవాళ కనిపించిన మంట రేపు పొద్దున పదింటికల్లా అదుపులోకి రావాలని. ఆఫీసు టైమింగ్స్ పెట్టారు మంటకి! చిన్న చిన్న మంటలు ఆగిపోయాయి, సెకోయా పిల్లలూ ఆగిపోయాయి, కింద చెత్త మాత్రం పోగుపడుతూ వచ్చింది. హార్ట్‌స్వెల్ట్ అక్కడ చిన్న మంటలు పెట్టి చూపించాడు, ఇదిగో మొలకలు అని.

ఆ బాకీ 2020లో వడ్డీతో వచ్చింది. కాసిల్ ఫైర్ ఒక్కటే ప్రపంచంలోని పెద్ద సెకోయాల్లో 10 నుంచి 14 శాతం చంపిందని అంచనా. 2021లో కేఎన్‌పీ కాంప్లెక్స్, విండీ ఫైర్ కలిపి ఇంకో 3 నుంచి 5 శాతం. జనరల్ షెర్మన్ చెట్టు మొదలుకి చపాతీలకి చుట్టినట్టు ఫాయిల్ చుట్టారు, ఆ ఫొటో మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరిగింది. రెండు వేల ఏళ్లకి పైగా బతుకుతున్న చెట్టు! కాలిన తోపుల్లో హార్ట్‌స్వెల్ట్ పని చేసిన రెడ్‌వుడ్ మౌంటెన్ కూడా ఉంది.

నేను పోయిన ఆగస్టులో వెళ్లాను. జనరల్స్ హైవే మీద రెడ్‌వుడ్ మౌంటెన్ ఓవర్‌లుక్ అని ఒక మలుపు దగ్గర ఆగొచ్చు. మీలో చాలామంది ఆ దారిలోనే జనరల్ షెర్మన్‌ని చూడ్డానికి పోయుంటారు, పులిహోర డబ్బాతో సహా. అక్కడ నిలబడి చూస్తే ఎదురు కొండ మీద బూడిద రంగు మొద్దులు. కొన్నింటికి పైన ఆకుపచ్చ కుచ్చు మిగిలింది, కొన్నింటికి అది కూడా లేదు. ఆ చివరి రకం చూసినప్పుడు నాకు నా వీడియోలు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. మంట మరీ పైకెక్కి కాయలతో సహా కాల్చేస్తే, ఇంక రాలడానికి ఏముంది?

పార్కువాళ్లు చెప్పేది అదే. ఇక్కడ ఒక తేడా చూడండి. వీళ్లు కలప అమ్ముకోరు. కాలిన తోపుల్లోకి మనుషుల్ని పంపి మొలకలు లెక్కపెట్టించారు. లెక్క చాలని చోట్లే, గరిష్ఠంగా ఆరు తోపుల్లో నాటతామని 2023 అక్టోబర్లో తేల్చారు. డొనాటో చేసిన పనే, ముందు కిందికి వంగి చూశారు. జాన్ మ్యూర్ ప్రాజెక్ట్ అనే పర్యావరణ సంఘం తరఫున ఛాడ్ హాన్సన్ లాంటివాళ్లు మాత్రం, ఘోరంగా కాలిన చోటే పిల్లలు ఎక్కువ లేచాయి, నాటాల్సిన పనే లేదంటున్నారు. ఇద్దరూ మొలకలు లెక్కపెట్టి కొట్టుకుంటున్నారు చూశారా, ఇలాంటి గొడవంటే నాకు గౌరవం. నా ఓటు అడిగితే, కొమ్మ మీద కాయ మిగలని చోట నాటనివ్వండి. మిగిలినచోట ఒక్క పార కూడా దించకండి. నా ఓటు ఎవడూ అడగలేదనుకోండి.

చివరికి ఆ సర్టిఫికెట్ సంగతి. ఓవర్‌లుక్ నుంచి వచ్చిన రాత్రే ఆ సంస్థకి మెయిల్ పెట్టాను. మూడే ప్రశ్నలు. మా పాప పేరు మీద నాటిన 50 మొక్కలు ఏ కొండ మీదున్నాయి? నాటకముందు అక్కడ సొంతంగా మొలిచినవి ఎన్ని ఉన్నాయో ఎవరైనా లెక్కపెట్టారా? ఇప్పటికి ఎన్ని బతికున్నాయి?

మూడు వారాలకి రిప్లై వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. పాపకి ముందస్తు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు, ఈసారి వంద నాటతారా అని అడిగారు.